తలుపు సందులో పడిన గోరు

అసిటోన్ సీసా మూత తీయగానే నా చేతులు ఒక్క క్షణం ఆగిపోతాయి. ఆల్థాన్‌లో హేతల్ నడిపే పార్లర్‌లో ఎవరైనా అమ్మాయి అతికించుకున్న గోళ్ళు తీయించుకోవడానికి నా ముందు కూర్చుంటే, ఆ ఘాటుతోపాటే కడోదరాలోని ఒక ఇరుకు గది గుర్తొస్తుంది. ఎదురు కుర్చీలో హేతల్ ఇంకెవరికో కొత్త గోళ్ళు పెడుతూ ఉంటుంది. పెట్టేది ఆమె, తీసేది నేను. కొత్తగా పెట్టిన గోళ్ళకే ఫొటోలు తీసుకుంటారు గానీ, ఊడదీసిన గోళ్ళకు ఎవరూ తీసుకోరు. మా ఇద్దరికీ ఈ పనులు పంచిపెట్టిన మనిషి రాజమణక్క. ఆమె పోయి ఏడాది దాటింది. నా కడుపుమంట మాత్రం ఇంకా పోలేదు.

మాలాగే ఈ గుజరాతీ నగరానికి బతుకుతెరువుకు వచ్చిన అక్కది మా జగిత్యాల వైపే. మగ్గాల మీద పనిచేసే భర్త పోయాక, కడోదరాలో తను ఉండే ఇంటి ముందుగదిలోనే అద్దం, రెండు కుర్చీలు వేసి పార్లర్ పెట్టుకుంది. మాది పక్క గది. పదో తరగతి తప్పి నేను ఆమె దగ్గర చేరాను. రెండేళ్ళు జుట్లు కడిగాను, దారంతో కనుబొమలు తీశాను. అప్పుడు ఊళ్ళోనే ఇంకో పేట, కతర్‌గామ్ నుంచి హేతల్ వచ్చింది. వాళ్ళ నాన్న వజ్రాలు సానపట్టే మనిషి. ఆ చేతి నిలకడే కూతురికి వచ్చిందని మురిసిపోయి, మూడో నెలలోనే అక్క గోళ్ళు అతికించే సామాను డబ్బా తీసి దాని చేతిలో పెట్టింది. దాన్ని 'బేటా' అనేది, అది అక్కను 'మాసీ' అని పిన్ని వరస కలిపేది. నన్ను మాత్రం అక్క 'పిల్లా' అనేది. ఇద్దరూ గుజరాతీలో ఏదో చెప్పుకుని నవ్వుకుంటుంటే, అర్థమైనా కానట్టు నేను తువ్వాళ్ళు మడతపెట్టేదాన్ని.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "అక్కా, నీ ఒక్క వేలియ్యి. నేను కూడా నేర్చుకుంటా."

"నీకు తొందరెక్కువ పిల్లా. జర ఆగు," అంది.

ఆలస్యం అమృతం విషం అన్న సామెత అక్క ముందు చెల్లేది కాదు. ఆగాను. కరోనా రెండోసారి విరుచుకుపడే ముందు, పెళ్ళిళ్ళ సీజన్ వస్తోందని, హేతల్ చేయి తిరగడానికి అక్క తన రెండు చేతులూ దానికి ఇచ్చేసింది. పది వేళ్ళకూ పొడుగాటి మెరూన్ గోళ్ళు. నేను ఒక్క వేలు అడిగితే దొరకలేదు! ఆ సాయంత్రం అన్నం సహించలేదు నాకు.

వారంలోనే పార్లర్లన్నీ మూతపడ్డాయి. హేతల్ కతర్‌గామ్‌లో ఉండిపోయింది. మూడు వారాలకు అక్కకు జ్వరం వచ్చింది. గుమ్మం దగ్గర జావ పెట్టి దూరంగా నిలబడేదాన్ని. మూడో రోజు ఆమె ఆయాసం గోడ అవతలికి వినిపించి, మాస్కు మీద మాస్కు కట్టుకుని లోపలికి వెళ్ళాను. మా బిల్డింగ్ అంతటికీ ఆక్సిజన్ చూసే మీటరు ఒక్కటే. శానిటైజర్‌తో తుడుచుకుంటూ గుమ్మం గుమ్మానికీ తిప్పేవాళ్ళు. అక్క వేలికి పెడితే గీతలే తప్ప అంకె రాలేదు. కాలివేలికి పెట్టినా అంతే, కాళ్ళు మంచులా ఉన్నాయి. డాక్టరుకు ఫోన్ చేస్తే, ఆ గోళ్ళు, రంగు మీటరుకు అడ్డమొస్తున్నాయి, తీసి చూడమన్నాడు. అంకె తెలియకుండా ఆసుపత్రిలో ఎవరూ మంచం ఇచ్చే రోజులు కావవి.

"హేతల్‌కు ఫోన్ కలుపు. పెట్టింది అదే, ఎట్ల తియ్యాల్నో అదే చెప్తది," అంది అక్క, కళ్ళు మూసుకునే.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా హేతలేనా? ఫోన్ చెవికి పెట్టుకున్నాను, నంబరు నొక్కలేదు. "లైన్ కలుస్తలేదక్కా, నేనే తీస్త," అని, చదునైన ఇనుప పుల్ల చూపుడు వేలి గోరు కిందికి తోసి ఒక్కసారిగా పైకి లేపాను. మెరూన్ గోరుతోపాటు దాని కింది అసలు గోరు పొర కూడా చీలి వచ్చింది. చీలిన చోట రక్తం ఊరింది. అక్క పళ్ళు బిగబట్టింది తప్ప అరవలేదు.

"గోరు పోతే గోరొస్తది. ఏడ్వకు, పత్తి తే," అంది. "ఆ వేలు ముట్టకు. పక్క వేలు చూడు. ముందు స్టవ్వు బంద్ చెయ్, అసిటోన్‌కు మంట అంటుకుంటది. కిటికీ తెరువు."

ఆయాసపడుతూనే ఒక్కొక్కటీ చెప్పింది. గోరు పైన మెరుపు పోయేదాకా ఆకురాయితో రుద్దాను. చుట్టూ చర్మానికి కొబ్బరినూనె రాశాను. సీసా అడుగున మిగిలిన అసిటోన్‌లో పత్తి తడిపి గోటి మీద పెట్టి, రొట్టెలు చుట్టే రేకుతో వేలిని చుట్టాను.

"ఇగ పావుగంట ముట్టద్దు. గోరే నిన్ను ఇడ్వాలె, నువ్వు గుంజద్దు."

నా జీవితంలో అంత పొడుగాటి పావుగంట ఇంకొకటి లేదు. మధ్యలో రేకు విప్పబోతే అక్క రెండో చేత్తో నా మణికట్టు పట్టుకుంది. "పెట్టుడు పెండ్లినాటి పని పిల్లా, దానికి హేతల్ ఉంది. తీసుడు ఆపతిల పని. అది నీకు నేర్పాలెననే ఆగిన." కాస్త ఊపిరి తీసుకుని అంది, "ఇంకోటి. ఆ ఫోన్ రింగ్ కాలే. నా చెవులు మంచిగనే ఉన్నయ్."

పావుగంట అయ్యేదాకా మళ్ళీ రేకు ముట్టలేదు. రేకు విప్పితే గోరు మెత్తబడి, పుల్ల ఆనించగానే జారిపోయింది. మిగిలిన మెరూన్ మరకను తడిపత్తితో తుడిచి, సబ్బునీళ్ళతో కడిగి మీటరు పెట్టాను. ఎనభై ఆరు. ఆ అంకె చెప్పాకే డాక్టరు అంబులెన్సు పంపించాడు. పదహారు రోజులకు అక్క తన కాళ్ళ మీద నడిచి ఇంటికి వచ్చింది.

చూడటానికి వచ్చిన హేతల్ ఇదేమైందంటూ ఆ చూపుడు వేలు పట్టుకుని బావురుమంది. "మాసీ, యే క్యా హువా?"

అక్క నా వైపు చూడనైనా చూడలేదు. "దర్వాజే మే ఆ గయా, బేటా," అంది తేలిగ్గా, తలుపు సందులో పడిందన్నట్టు. హేతల్ ఆ వేలి మీద ఊదుతూ కూర్చుంటే, సిగ్గుపడాల్సిన ఆ క్షణంలో కూడా నాకు అసూయే కలిగింది.

ఆ గోరు మళ్ళీ పెరిగింది కానీ నడుమ ఒక గాడి అలాగే ఉండిపోయింది. తర్వాత అక్క నాకు తీసే పనంతా నేర్పింది, ఆ వేలితోనే మొదలుపెట్టి. నిద్రలోనే గుండె ఆగి ఆమె పోయినరోజున కూడా నేను చూసింది ఆ గాడినే.

ఇప్పటికీ పార్లర్‌లో ఎవరైనా గోరు పీక్కుని వస్తే హేతల్ అక్క కథ ఎత్తుకుంటుంది. "మా మాసీకి తలుపు సందులో పడి గోరు అలాగే అయిపోయింది పాపం," అని నా వైపు తిరుగుతుంది. "కదా సరితా, ఏ తలుపు అది?"

"ముందు తలుపే," అంటాను, పత్తి తడుపుతూ.

నిజం చెప్పేయాలని చాలాసార్లు నోటిదాకా వస్తుంది. డబ్బా, బేటా అన్న పిలుపు, పది వేళ్ళు, అక్క అన్నీ హేతల్‌కే ఇచ్చింది. ఆ ఒక్క అబద్ధం మాత్రం నా కోసం ఆడింది. దాన్ని హేతల్‌తో పంచుకోవడానికి నాకు ఇప్పటికీ మనసొప్పదు.