చింతపండుతో తోమిన రేడియో

అందరూ ఎలా ఉన్నారు? సరోజినీ వదినా, మోకాలి నొప్పి తగ్గిందా? కళ్యాణీ, మీ ఆయనకి బీపీ మాత్రలు టైముకి ఇస్తున్నావా? మిగతావాళ్ళూ జాగ్రత్త... భిలాయిలో చలి మొదలైంది, పొద్దున్నే చెవులకి గుడ్డ కట్టుకోకుండా బయటికి వెళ్ళకండి. నా సంగతంటారా... నిద్ర తక్కువ, ఆలోచన ఎక్కువ. ఒకటే విషయం మనసులో తిరుగుతోంది. మీకు చెప్పుకుంటే తేలికవుతుందేమోనని రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... సెక్టర్ 2 క్వార్టర్లో, వెనక వరండాలో, మా అప్ప నేలమీద కూర్చుని రేడియో కట్టేది. మాది విజయనగరం వైపు, అక్కని అప్ప అంటాం. పక్కింటి మిశ్రా అంకుల్ ఉక్కు ప్లాంటులో ఎలక్ట్రీషియన్. కిట్టు ఆయనే తెప్పించి ఇచ్చారు. అట్టపెట్టెలో రాగి గీతలున్న చిన్న పలక, దాని కన్నాల్లో దూర్చే రంగురంగుల ముక్కలు, వెంట్రుకంత సన్నని తీగ చుట్టిన కాయిల్...

బాగా వేడెక్కిన, తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్‌ని గుగ్గిలంలాంటి రోజిన్ బిళ్ళకి తాకిస్తే, సాంబ్రాణి వేసినట్టు పొగ లేచేది. టంకం కరిగి వెండి బొట్టులా రాగి మీద కూర్చునేది. నాకేమో కరెంటంటే భయం... గడప ఇవతలే ఉండి అరిచేదాన్ని.

"అప్పా, సెయ్యి కాల్తాది!"

"కాల్తే నాది కాల్తాది. నువ్వు అరిస్తే ఒణుకుతాది. నోర్ముయ్యి."

మిశ్రా అంకుల్ మాత్రం ఒకటే చెప్పేవారు. "పానీ మత్ లగానా బేటీ." నీళ్ళు తగలకూడదట. తుడవాలంటే స్పిరిట్‌లో ముంచిన దూదితోనే తుడవాలట. అతికిన చోటల్లా గోధుమరంగు జిగురు మరక ఉండిపోయేది. ఉంటే ఉండనీ, దాంతో నష్టం లేదనేవారు.

అదే ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లో పనిచేసే మా నాన్న ఒక షరతు పెట్టాడు.

"ఇది పాడిందనుకో, రేడియో పని నేర్పే బళ్ళో ఏస్తాను. పాడలేదనుకో, కుట్టుమిషనే. మళ్ళీ నన్నేటీ అడక్కూడదు."

శనివారం సాయంత్రం అది పలికింది! గరగరమంటూ రాయపూర్ స్టేషన్... ఎవరో వ్యవసాయం గురించి మాట్లాడుతున్నారు. అదే మాకు పాటలా ఉంది. అప్ప నన్ను ఎత్తుకుని గిర్రున తిప్పింది. నాన్న డ్యూటీలో ఉన్నాడు. రేపు చూపిద్దాం అనుకున్నాం.

ఆదివారం పొద్దున్న మేమిద్దరం పాలు తేవడానికి వెళ్ళి వచ్చేసరికి, పెరటి గోడ మీద ఎండలో ఇత్తడి గ్లాసుల పక్కన అప్ప పలక ఆరుతోంది. రాగి గీతలు బంగారంలా తళతళలాడుతున్నాయి. అమ్మ చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"ఆ మురికితోనే మీ నాన్నకి సూపిస్తావేటే? సింతపండు, ఉప్పు ఏసి పీచుతో తోమేను. సూడు ఎలా మెరుస్తందో!"

అప్ప పలకని చేతిలోకి తీసుకుంది... తిప్పి చూసింది, వాసన చూసింది. లోపలికి తీసుకెళ్ళిపోయింది.

నాన్న వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అప్ప సెల్లులు వేసి చక్రం తిప్పింది. చడీ చప్పుడూ లేదు. నాన్న కోప్పడలేదు.

"ఏటమ్మా, మరి?"

"నాకు సేతకాలేదు నాన్నా."

అంతే. కుట్టుమిషన్ వచ్చింది. పెళ్ళయి పక్కనున్న కోహ్కా వెళ్ళాక కూడా అప్ప ఊళ్ళోవాళ్ళ జాకెట్లే కుడుతూ ఉండిపోయింది. అమ్మ పోయేదాకా వచ్చినవాళ్ళందరితో అనేది... "మా పెద్దదానికి సెయ్యి తిరగలేదు పాపం, నేను తోమి ఇచ్చినా పాడలేదు" అని. అప్ప అక్కడే కూర్చుని, దారం పళ్ళతో తెంపుతూ ఊఁ కొట్టేది. నేనూ నిజమే అనుకున్నాను.

మొన్న అప్ప రుఆబాంధాలో మా ఇంటికి వచ్చింది. నా మనవరాలు పింకీ, లైట్లు వెలిగే ఏదో కిట్టు తెప్పించుకుని అతుకుతోంది. "నానీ, దేఖో, గందా హో గయా" అని మురికైన పలక చూపించింది. అవే గోధుమరంగు మరకలు. నేను వంటింట్లోంచి చింతపండు ముద్ద పట్టుకొచ్చాను.

అప్ప నా మణికట్టు గట్టిగా పట్టేసింది. "ఒద్దే! దానికి సింతపండు ఎట్టకు!"

పిల్ల బెదిరిపోయింది. అప్పకి బీపీ పెరిగిందేమో అనుకున్నాను. పిల్లని దగ్గరికి తీసుకుని తనే చెప్పింది.

"ఆ మరక ఉన్నా ఏటీ అవదే. ఆవేళ పీచు తగిలి కాయిల్ తీగ తెగిపోయింది. ఉప్పు తెల్లగా పట్టేసింది."

"మరి నాన్నతో సెప్పలేదేటి? ఇంకో వారం ఇచ్చేవోడు కదా!"

"ఏటని సెప్పను? ఆయన అమ్మని బతకనిచ్చేవోడా? ఆవేళ అమ్మ మొహం సూసేవా... పండగలా ఉంది."

అప్పట్నుంచీ అదే ఆలోచన. అమ్మకి తెలిసుంటే కుమిలిపోయేది... తెలియకుండా పోవడమే మంచిదేమో. కానీ అప్ప? ఆ చేతులు ఎన్ని రేడియోలు కట్టాల్సినవి! ఇప్పుడు పింకీ నోరు తెరిచి అడగ్గానే కిట్టు ఇంటికి వస్తోంది. పాడాలనీ, వెలగాలనీ ఎవరూ షరతు పెట్టడం లేదు. ఆ రోజులు మాకెందుకు రాలేదో...

మీ ఇళ్ళలోనూ ఇలా మాట మింగేసి బతుకు వెళ్ళదీసినవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళుండగానే పక్కన కూర్చుని అడగండి. ఏం చెప్పారో నాకూ రాయండి.

పింకీ తన కిట్టులో ఒక్క తీగ అతకకుండా ఉంచింది, పెద్దనానీ చేత్తో అతికించాలట. అప్పకి చేతులు వణుకుతున్నాయి, కళ్ళ ఆపరేషన్ కూడా అయింది... వేడి ఐరన్ చీర మీద పడితే ఎలాగని నా భయం. అయినా సరే అన్నాను. దూది, స్పిరిట్ సీసా సంచిలో పెట్టేశాను. ఈ నెల పద్దెనిమిదో తారీకు, ఆదివారం, ప్రార్థన అయ్యాక కోహ్కాలో అప్ప ఇంటికి వెళ్తున్నాం.