అరవై ఏడేళ్ళకు భీమిలి ఒడ్డున ఉద్యోగ వేట

నాకు ఇరవై మూడేళ్ళప్పుడు తీర సర్వేలు చేయించే ఒక ఆఫీసరు, “వచ్చే నెల నిన్ను జట్టులో వేసుకుంటాను” అని మాట ఇచ్చాడు. ఆ నెల రాలేదు. కృష్ణా జిల్లా నుంచి విశాఖ వచ్చి మా పెద్దబావ ఇంట్లో చేరిన నేను స్టీల్ ప్లాంటు స్టోర్సులో బోల్టులు, నట్లు రాసుకుంటూ రిటైరయ్యాను. సముద్రం గురించి దొరికిన పుస్తకమల్లా చదివాను. వాటిని రాసినవాళ్ళలో సగం మంది పాదం తడవకుండానే రాశారని నా అనుమానం. ఈ మధ్య ఒక చిన్న పర్యావరణ సంస్థ మత్స్యకార పల్లెల్లో సర్వేకు మనుషులు కావాలని, వయసు పట్టింపు లేదని ప్రకటించింది. ఒక పూట పని చేయించి చూస్తారట. పర్యావరణ రంగంలో నా మొదటి ఉద్యోగం కోసం అలా బయలుదేరాను.

మద్దిలపాలెంలో ఉదయం ఆరుంబావుకు బీచ్ రోడ్డు మీదుగా పోయే భీమిలి బస్సు ఎక్కాను. టికెట్టు యాభై లోపే. రుషికొండ దాటాక సముద్రం కుడిపక్క కిటికీని వదల్లేదు. ఏడున్నరకు దిగి ఆటో ఎక్కితే డ్రైవరు అద్దంలో నన్ను పరీక్షగా చూశాడు.

“ఈ వయసులో ఉద్యోగమేటి బాబూ? ఇంట్లో తరిమేసినారేటి?”

“ఇంకా లేదు,” అన్నాను.

పగలబడి నవ్వాడు. ఇరవై రూపాయలకే, నా మోకాళ్ళు చూసి కాబోలు, ఇసుక మొదలయ్యేదాకా దింపాడు. అతని మేలు మరచిపోను.

ఒడ్డున సూపర్‌వైజరు సుప్రియ ఎదురైంది. విజయవాడ అమ్మాయి, పాతికేళ్ళుంటాయి. అప్పటికే మూడిళ్ళు తిరిగింది. ఆమె నింపిన ఫారాలు సరిచూడడం నాకిచ్చిన పరీక్ష. “సముద్రంలో ఏం మార్పు గమనించారు?” అన్న ప్రశ్నకు మూడిళ్ళ జవాబూ ఒక్కటే: ఏటి మార్పు. గోస్తని సముద్రంలో కలిసే ఊరు గనక ఏరు దారి మార్చుకుందేమో అనుకున్నాను. నాలుగో ఇంటి ముందు పోలమ్మ అనే ఆవిడ ఎండుచేపలు ఏరుతోంది. సుప్రియ అదే ప్రశ్న అడిగింది.

“ఏటి మార్పమ్మా?” అంది పోలమ్మ.

సుప్రియ తల వంచి మళ్ళీ అదే రాసుకుంది. అప్పుడు వెలిగింది నాకు. ఇక్కడ ‘ఏటి’ అంటే ‘ఏమిటి’. ఆవిడ జవాబు చెప్పలేదు, ఎదురు ప్రశ్న వేసింది! పై వాళ్ళ తప్పు ఎత్తిచూపితే ఏమవుతుందో స్టోర్సులో చాలాసార్లు చూశాను. ఈ ఉద్యోగమూ పోతుందనుకుంటూనే చెప్పేశాను.

సుప్రియ ముఖం ఎర్రబడింది. “మూడు ఫారాలు చూశారుగా, ముందే చెప్పొచ్చుగా అండీ?”

“కాగితం మీద చూస్తే నాకూ తెలియలేదమ్మా. చెవిన పడాల్సి వచ్చింది.”

పోలమ్మ చేతిలో చేప వదిలేసి నవ్వింది. “నాను ఏరు గురించి సెప్పినానా తల్లీ? నీ పరీచ్చలు ఎవులు దిద్దినారో గానీ! ఒకప్పుడు ఒడ్డుకాడే సేపలు పడేవి. ఇప్పుడు డీజిలు కాల్సుకుని దూరం ఎల్తన్నారు. ఇది రాయి.”

సుప్రియ నాలుగు కాగితాల మీదా గీత కొట్టి, ఆ మూడిళ్ళకూ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. “మళ్ళీ వచ్చావేటమ్మా?” అని వాళ్ళు ఆటపట్టిస్తుంటే సిగ్గుపడుతూనే మొదటినుంచీ అడిగింది. పదకొండున్నరకు నాలుగు నిజమైన జవాబులు, నాకు మూడు నెలల పని. సంతకం అక్కడే, పడవ అంచు మీద కాగితం పెట్టి చేసింది. నా మనవరాలి వయసు పిల్లకు చేతులెత్తి నమస్కరించాను.

మీరూ ఇలాంటి పని వెతుక్కుంటూ వస్తే ఆనందపురం మీదుగా చుట్టు తిరిగి వచ్చే బస్సు ఎక్కకండి. పొద్దున్నే బీచ్ రోడ్డు బస్సు పట్టుకోండి, ఎండ ముదిరాక గుమ్మాల దగ్గర ఎవరూ మాట్లాడరు. తిరుగు బస్సులో నేను ఆలోచించింది మాత్రం ఆ పిల్ల రెండోసారి వెళ్ళి అడగడం గురించే. నేను ఆ ఆఫీసరును రెండోసారి అడగలేదు. అడుగుదామని చెప్పులు వేసుకున్ననాడు, “పెద్దవాళ్ళ వెంటపడడం మర్యాద కాదురా” అని గుమ్మంలోనే ఆపేశారు. ఆఫీసరుకు నా పేరైనా గుర్తుండి ఉండదు, ఆయన్ను ఎప్పుడో క్షమించాను. ఇప్పటికీ క్షమించనిది ఆ రోజు గుమ్మానికి అడ్డం నిలబడ్డ మా పెద్దబావ సీతారామయ్యను.