ఈశాన్యం మూలన ఇంటర్నెట్

ఉప్పల్‌లోని అద్దె ఇంటిని వదిలి నాచారంలో కొనుక్కున్న ఫ్లాటుకు మారే పనిని నేను ఒక పెళ్లి జరిపించినంత శ్రద్ధగా తలపెట్టాను. ఏ రోజు ఏ సామాను కదలాలో, ఏ పెట్టె ఏ గదిలో దిగాలో ముందే పట్టిక వేసుకున్నాను. అందులో శనివారం పదకొండు గంటలకు ఎదురుగా ‘ఇంటర్నెట్’ అని రాసి, కింద రెండు గీతలు గీశాను.

ఆ రెండు గీతలు నా భార్య కోసం. పిల్లలిద్దరూ హాస్టళ్లకు చేరాక, పెళ్లినాడు అటక ఎక్కించిన తన లెక్కల డిగ్రీని ఆమె కిందికి దించింది. ఇంటి నుంచే పిల్లలకు ఇంటర్నెట్‌లో పాఠాలు చెప్పించే ఒక సంస్థలో చేరింది. అది ఆమె మొదటి ఉద్యోగం. ప్రొబేషన్ గడువు ముగియవచ్చింది. ఆ సోమవారం సాయంత్రం ఐదింటి క్లాసును పైఅధికారిణి కూడా కూర్చుని చూస్తుందనీ, ఉంచుకోవడమా పంపించడమా అన్నది ఆ క్లాసును బట్టే తేలుతుందనీ చెప్పారు. కొత్త ఇంట్లోనేమో ఫోన్ సిగ్నల్ వంటగదిలో ఒక గీత, హాల్లో సున్నా.

“మీ పట్టిక సంగతేమో గానీ, సోమవారం నాటికి నాకు లైను కావాలె,” అని ఆమె ఒకటికి రెండుసార్లు చెప్పింది.

“శనివారం పదకొండింటికి వస్తది,” అని నేను హామీ ఇచ్చాను.

ఉప్పల్‌లో మాకు లైను ఇచ్చినవాళ్లు తమ తీగలు మా కొత్త వీధి దాకా రావని చేతులెత్తేయడంతో, ఆ వీధి కేబుల్ ఆపరేటరునే మాట్లాడుకున్నాను. నిజం చెప్పాలంటే అతను శనివారం పదకొండు కన్నా ముందే వచ్చాడు. నిచ్చెన, తీగచుట్ట, డ్రిల్లింగ్ యంత్రంతో గదిగదికీ తిరిగి గోడలన్నీ పరిశీలించాడు. బిల్డరు వేసిన పైపు సిమెంటుతో పూడుకుపోయిందని తేల్చాడు. కిటికీలోంచి తెమ్మని నేను సలహా ఇస్తే నవ్వాడు.

“లోపట గాజు తీగ ఉంటది సార్. కిటికీ జరిపినప్పుడల్లా నలిగి ఇరుగుతది. పోల్ ఈ దిక్కే ఉన్నది. ఈ మూలకు చిన్న చిల్లు కొడ్త, పది నిమిషాల పని.”

అతను చూపించిన మూల పడకగదిలో రెండు బయటి గోడలు కలిసే చోటు. యంత్రం చప్పుడు ఇంకా మొదలు కాలేదు, సామాను సర్దించడానికి వచ్చిన మా బావ కేక గుమ్మంలోంచి వినిపించింది.

మా అక్క భర్తను గురించి ఇక్కడ చెప్పాలి. బోడుప్పల్‌లో ఉంటాడు. ఫ్యాక్టరీ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక వాస్తు చేపట్టాడు. మేము ఈ ఫ్లాటు కొనేముందు ఎన్నిటినో కాదని, చివరికి దీనికి ఆమోదముద్ర వేసినవాడు ఆయనే. కనుక ఆ ఇంట్లో ఆయనకు నాకంటే ఒక పిసరు ఎక్కువ హక్కు ఉండేది.

“ఏం జేస్తున్నవయ్యా? ఈశాన్యంల చిల్లు పెడ్తవా? బామ్మర్దీ, నువ్వు సూస్కుంట ఊకున్నవా?”

“ఈ మూల ఈశాన్యం కాదేమో బావా,” అన్నాను నేను. ఒక కొలతను తప్పుపట్టే అవకాశం దొరికితే వదులుకోవడం నా స్వభావంలో లేదు. ఫోన్‌లో దిక్సూచి తెరిచి చూపించాను. ఆ మూల చాలావరకు ఉత్తరమేనని నా ఫోన్ అంది. ఆయన తన ఫోన్ తీశాడు. అది ఖచ్చితంగా ఈశాన్యమేనంది. ఇద్దరం ఒక అడుగు ఎడమకు జరిగాం. రెండు ఫోన్లూ మాట మార్చాయి. కిటికీ దగ్గరికి వెళితే నా ఫోన్ వాయవ్యమని చెప్పింది.

“సార్, కిటికీకి ఇనుప గ్రిల్లున్నది. ఆడ నిలబడి సూస్తే గట్లనే తిరుగుతది,” అన్నాడు ఆపరేటరు.

మేము గ్రిల్లుకు దూరంగా మంచం మధ్యలోకి ఎక్కాం. అక్కడ బీరువా ఉంది. బాల్కనీలోకి వెళ్లాం, అక్కడ రేలింగు. నేను ప్రతి కొలతనూ కాగితం మీద రాసి సగటు తీయబోతుండగా నా భార్య టీ కప్పులతో వచ్చి, మా ఇద్దరినీ, మంచం మీద చెప్పుల ముద్రలనూ చూసింది.

“ఇల్లు కొన్నప్పుడు తెల్వలేదా ఈశాన్యం ఏడుందో?” అంది.

“అప్పుడు తెలిసింది చెల్లె. ఇప్పుడు మీ ఆయన అనుమానం పుట్టిస్తుండు,” అన్నాడు బావ.

ఆపరేటరు టీ తాగి, కప్పు కింద పెట్టి, యంత్రాన్ని సంచిలో సర్దుకున్నాడు. గోడకు ఇంకో చివరన కొట్టాలంటే పక్కింటి బాల్కనీ మీదుగా తీగ రావాలనీ, దానికి అసోసియేషన్ ఒప్పుకోవాలనీ చెప్పాడు. “నాకు ఇంకా రెండు ఇండ్లున్నయ్ సార్. ఈశాన్యం యాడుందో ఖరారు జేసుకొని ఫోన్ కొట్టున్రి. రేపు ఆదివారం, నేను రాను.”

నా భార్య కోప్పడి ఉంటే సులువుగా ఉండేది. ఆమె ఖాళీ కప్పులు పోగుచేసుకుని, కాళ్లు ఈడ్చుకుంటూ వంటగదిలోకి వెళ్లింది. ఉద్యోగం పోతే పోనీ అనుకునే మనిషి అలా నడవదు.

ఆదివారం ఆమె డాబా మీదికెక్కి, ఫోన్ సిగ్నల్‌తో క్లాసు చెప్పడం కుదురుతుందేమో చూసుకుంది. నేను కింద వంటగదిలో ఒక్క గీత ముందు నిలబడి విద్యార్థి పాత్ర వహించాను. భిన్నాలు వివరిస్తుండగా గాలి హోరు, మౌలాలి వైపు నుంచి రైలు కూత, ఎవరింటిదో కుక్కర్ విజిల్ వినిపించాయి. మూడో వంతు దగ్గర నా ఫోన్‌లో ఆమె బొమ్మ ఆగిపోయింది. ఆమె కిందికి దిగివచ్చి, పడకగదికి పరదాలు కట్టడం మొదలుపెట్టింది. కాసేపటికి లోపలి నుంచి పిలిచింది.

“ఇది సూడున్రి.”

మాకు ఫ్లాటు అమ్మినవాళ్లు ఏసీ పైపు కోసం కొట్టించి, తీసుకుపోయేటప్పుడు న్యూస్ పేపరు కుక్కి పోయిన రంధ్రం అది. పరదా కడ్డీకి కాస్త పక్కన, మేమిద్దరం వాదించుకున్న మూలలోనే ఉంది. ఇన్ని కొలతలు తీసిన నేను దాన్ని చూడలేదు. కొలుస్తున్నంత సేపూ నేను ఫోన్‌నే చూశాను.

బావకు ఫోన్ చేస్తానని నేను అంటే ఆమె ఆపింది. “మీరు చేస్తే మళ్ల కొలతలు మొదలైతయ్. నేను మాట్లాడుత.” వంటగదిలోకి వెళ్లి ఆ ఒక్క గీత కింద నిలబడి, స్పీకర్ పెట్టింది.

“అన్నయ్యా, ఈశాన్యంల ముందునుంచే ఒక సందు ఉంటే, దాన్ని మూయాల్నా?”

“అస్సలు మూయొద్దు చెల్లె. ఈశాన్యం ఎంత తెరిచి ఉంటే అంత మంచిది. గాలి, ఎల్తురు రావాలె.”

“అయితే ఏసీ కన్నం ఉన్నదన్నయ్యా, కాగితం కుక్కిన్రు.”

“తీసెయ్యమ్మా, ఇయ్యాల్నే తీసెయ్.”

“తీసేసిన. అండ్లకెళ్లి గాలితో పాటు ఒక తీగ లోపటికొస్తే?”

అవతల టీవీ శబ్దం తగ్గింది. “తీగ ఎంత లావుంటది?”

“అగ్గిపుల్ల కన్న సన్నం.”

“కొత్తగ కొట్టుడే దోషం. ఉన్నదాంట్లకెళ్లి వస్తే, అది వచ్చుడు అయితది గానీ కొట్టుడు కాదు గదా,” అని బావ తీర్పు చెప్పాడు. ఆ తీర్పు తనదేనన్న సంతృప్తి గొంతులో వినిపించింది.

సోమవారం మధ్యాహ్నం ఆపరేటరు వచ్చాడు. బావ కూడా వచ్చాడు, తీగ లావు స్వయంగా చూడటానికి. పని నిజంగానే పది నిమిషాల్లో అయింది. అయితే ఇంటర్నెట్ పెట్టె మీద వెలగాల్సిన పచ్చ దీపానికి బదులు ఎర్ర దీపం వెలుగుతూ ఆరుతూ ఉండిపోయింది. కేబుల్ ఆఫీసులో మా పేరు ఎక్కించాలట. అతను బాల్కనీలోకీ డాబా మీదికీ తిరుగుతూ ఎవరినో బతిమాలాడు. నాలుగు దాటింది. నా భార్య సామాను పెట్టెల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, జుట్టు సవరించుకుని, ఎర్ర దీపం ముందు పరీక్ష రాయబోయే పిల్లలా కూర్చుంది. నేను టైము చెప్పబోతే, “చెప్పకున్రి,” అంది.

ఐదుకు కాస్త ముందు పచ్చ దీపం వచ్చింది. ఆమె మమ్మల్ని బయటికి పంపి తలుపు మూసింది.

హాల్లో బావా నేనూ నేలమీద కూర్చున్నాం. తలుపు వెనక నుంచి ఆమె గొంతు వినిపించేది: మొదట తడబాటు, తర్వాత రొట్టెను నాలుగు ముక్కలు చేయమంటూ నవ్వు. ఆ గొంతు నేను ఇంట్లో ఎన్నడూ వినలేదు. అంతలో బావ, కొత్త లైను వేగం ఎంతుందో చూద్దామని, తన ఫోన్‌లో ఒక వాస్తు వీడియో పెట్టాడు. ఆగ్నేయంలో పొయ్యి గురించి ఎవరో గట్టిగా ఉపన్యసించసాగారు. తలుపు ఒక జానెడు తెరుచుకుంది.

“అన్నయ్యా, జర బంద్ చెయ్యిన్రి. క్లాసు నడుస్తున్నది.”

ఫ్యాక్టరీలో యాభై మందిని అదలించి పనిచేయించిన మా బావ ఫోన్‌ను జేబులో పెట్టుకుని, చేతులు కట్టుకున్నాడు.

ఆమె బయటికి వచ్చేసరికి చీకటి పడింది. పైఅధికారిణి క్లాసు చివర మాట్లాడిందట. వచ్చే నెల నుంచి మరో రెండు బ్యాచులు ఇస్తామందట. చెబుతూ చెబుతూ ఆమె నీళ్లు తాగింది, గ్లాసు సగంలో ఆపి మళ్లీ చెప్పింది.

“అయితే ఐదు నుంచి ఏడు దాకా ఆ గదిలకు ఎవ్వరు రావొద్దు. మీరు గూడ,” అంది నాతో.

నా పడకగది అది. అప్పు కంతులు కడుతున్నది నేనే. ఆ మాట అందామనుకుని నోరు తెరిచాను. “నా లుంగీ లోపలున్నది,” అన్నాను.

“ఐదు లోపల తీసుకోన్రి,” అంది ఆమె.