గుండీ చుట్టూ సుద్దగీత

దర్జీ ఆవిడ తొడ మీద అరచేత్తో రెండుసార్లు తట్టేది. ఆ చప్పుడు వినగానే గుండీ ఎక్కడున్నా రావాలి. మిషను తొక్కుతూ తట్టేది. కొలతలు తీసుకుంటూ తట్టేది. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని మాట్లాడలేనప్పుడూ తట్టేది. వచ్చాక దానితో ఆమెకు పనేమీ ఉండేది కాదు. వచ్చిందా లేదా, అంతే.

గుండీ ఆమె కుక్క. వానకు పొంగిన కాలువ పక్కన దొరికిన కూనను గుడ్డసంచిలో తెచ్చి, ఇంకు ఫిల్లరుతో పాలు పట్టి బతికించింది. తెల్లటి ఒంటి మీద, వీపున ఒకే ఒక్క నల్లమచ్చ, కోటు గుండీలా. పేరు ఆమే పెట్టింది. ఇంట్లో భర్త, ఆరేళ్ల కూతురు ఉన్నా, ఆ కుక్క తనదని ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు. వదిన వచ్చేదాకా.

వదిన అంటే భర్త అక్క. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. మోకాలికి ఆపరేషనై తమ్ముడింటికి వచ్చింది. మిషను ఉన్న ముందుగదిలోనే, కిటికీ పక్కన, కాలు చాపుకుని కుర్చీలో కూర్చునేది. చేతికర్ర కుర్చీకి ఆనించి ఉండేది. గుండీని పిలవదు, దువ్వదు. చెయ్యి పక్కకు వేలాడేసి వీధిలోకి చూస్తూ ఉంటుంది. వారం తిరక్కుండానే గుండీ వెళ్లి ఆ కుర్చీ కింద పడుకోవడం మొదలుపెట్టింది.

దర్జీ తొడ తట్టింది. గుండీ ఒక చెవి కదిపింది. లేవలేదు.

"నేను చూడకుండా దానికేం పెడుతున్నారు వదినా?"

"నా బిస్కెట్టే నేను నానబెట్టుకుని తింటున్నా, దానికేం పెడతానమ్మాయ్? టికెట్టు కూడా తీసుకోకుండా ఎక్కి కూర్చుంది. దింపెయ్యమంటావా?"

కూతురు పకపకా నవ్వింది. దర్జీ నవ్వలేదు. ఆ పూట ఒక చొక్కా చెయ్యి తిరగేసి కుట్టి, మళ్లీ విప్పింది.

ఒకప్పుడు కస్టమర్ల నల్లప్యాంట్ల మీద తెల్లవెంట్రుకలు ఏరలేక విసుక్కునేది. ఇప్పుడు ప్యాంట్లు శుభ్రంగా ఉంటున్నాయి. వెంట్రుకలన్నీ వదిన మేజోళ్లకు అంటుకుంటున్నాయి. ఉతకడానికి వేసిన మేజోళ్లు ఆమె చేతికే వచ్చేవి. గట్టిగా, కావలసినదానికన్నా గట్టిగా, దులిపేది.

ఒకరోజు తట్టీ తట్టీ విసిగి, కుర్చీ దగ్గరికి వెళ్లి, వంగి, పడుకున్నదాన్ని మెడపట్టీ పట్టుకుని లాగింది. గుండీ సన్నగా గుర్రుమంది. ఆమె చెక్క స్కేలుతో మూతి మీద ఒక్కటి వేసింది.

"నా మీదేనా? పాలు పట్టి పెంచిన నా మీదేనా?"

"కొట్టకమ్మాయ్," అంది వదిన. "వదిలెయ్యమని చెబుతోంది, అంతే. హారన్ పీకేసినంత మాత్రాన బస్సు ఆగిపోతుందా? చప్పుడు లేకుండా మీదికొస్తుంది."

"నా కుక్క సంగతి నాకు తెలుసు వదినా."

గుర్రుమన్నప్పుడల్లా స్కేలు లేచేది. కొన్నాళ్లకు గుండీ గుర్రుమనడం మానేసింది. లాగితే వచ్చేది, తల పక్కకు తిప్పుకుని, ముక్కు నాక్కుంటూ, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తూ. "మానిపించాను చూశావా," అని భర్త దగ్గర గొప్పగా చెప్పుకుంది. వచ్చిన కుక్క ముఖంలోకి మాత్రం చూడలేదు.

ఒక మధ్యాహ్నం కోటు కుట్టించుకోవడానికి ఒక స్కూలు మాస్టారు వచ్చాడు. కుర్చీలో వదిన కునుకు తీస్తోంది. కింద గుండీ కూడా.

"కుక్క బాగుందండీ. ఆ పెద్దావిడదా?"

దర్జీ చేతిలో టేపు ఆగిపోయింది. "నాదండీ," అంది. తొడ తట్టింది. మళ్లీ తట్టింది. మాస్టారు మర్యాదగా గోడవైపు చూశాడు. ఆమె ముఖం కందగడ్డయింది.

"గుండీని ఇటు లాక్కురావే," అంది కూతురితో.

అమ్మ ఎలా లాగుతుందో పిల్ల రోజూ చూస్తూనే ఉంది. కుర్చీ కిందకి దూరి, నిద్రపోతున్నదాని మెడపట్టీ పట్టుకుంది. చప్పుడేమీ రాలేదు. పిల్ల కేక ఒక్కటే వినబడింది.

మోచేతి కింద పళ్లు దిగాయి. కుళాయి కింద పెట్టి సబ్బుతో చాలాసేపు కడిగారు. ఆస్పత్రిలో సూది వేశారు. లోతు గాయం కాదన్నారు. ఇంటికొచ్చేసరికి భర్త గుమ్మంలో ఉన్నాడు.

"పొద్దున్నే దీన్ని ఎవరికైనా ఇచ్చేస్తా. అక్కా, నువ్వే గారాబం చేసి పాడుచేశావు."

ఆ మాట దర్జీకి చల్లగా, హాయిగా తాకింది. ఆ హాయికి తనకే ఒళ్లు జలదరించింది.

వదిన మేజోడు మీది వెంట్రుక ఒకటి తీసి కిటికీ బయటికి వదిలింది. "నేనేం చేశాన్రా? ఈ మోకాలు వంగదు కాబట్టి దాని మీదకి వంగను. చెయ్యి అందదు కాబట్టి లాగను. దానికి అదే బాగుందేమో. పంపాలంటే నన్ను పంపు. నేను వచ్చాకే కదా ఇదంతా."

"నేనేం లాగాలని లాగలేదు," అంది పిల్ల ఏడుస్తూ. "అమ్మే తెమ్మంది."

భర్త దర్జీవైపు తిరిగాడు.

"నేనే పంపాను," అంది దర్జీ. "గుర్రుమననివ్వంది కూడా నేనే. దాన్ని పంపొద్దు."

"మళ్లీ కరవదని పూచీ ఏంటి?"

దానికి జవాబు వదిన దగ్గర ఉండే ఉంటుంది. అడగడానికి దర్జీకి మనసొప్పలేదు.

పొద్దున్నే లేచి పాత దుప్పటి మడిచి, మిషను పక్కన పరిచింది. గుండీ దాన్ని వాసన చూసి, దాటుకుని, కుర్చీ కిందకే పోయింది. ఆమె పళ్లు బిగించి దుప్పటి తీసుకెళ్లి కుర్చీ పక్కన వేసింది. గుండీ దాని మీద పడుకుంది. దర్జీ చెయ్యి తొడవైపు పోయింది. ఆ చేతిలోకి గుడ్డల మీద గీసే సుద్దముక్క తీసుకుంది.

దుప్పటి అంచు వెంట నేల మీద గీయడం మొదలుపెట్టింది. మూల తిరిగేచోట గుండీ సన్నగా గుర్రుమంది. ఎన్నాళ్లకో విన్న చప్పుడు. ఆమె ఆగింది. వెనక్కి జరిగింది. చప్పుడు ఆగినచోట కొత్తగా గీత గీసి, పాతది తడిగుడ్డతో తుడిచేసింది.

భర్త గొలుసు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"దీన్ని దాటి ఎవరూ లోపలికి వెళ్లరు," అంది ఆమె. "పిల్ల వెళ్లదు. నేనూ వెళ్లను. దానంతట అది బయటికొస్తేనే దగ్గరికి తీస్తాం. పిల్లను దానితో ఒంటరిగా వదలను."

అతను గొలుసు మళ్లీ మేకుకు తగిలించి పనికి పోయాడు.

వదిన చేతికర్ర కొన గీతకు లోపల ఉంది. దర్జీ దాన్ని తీసి ఇవతలికి జరిపింది.

"మీరు కూడా, వదినా," అంది.