ఉసిరి చెట్టు చుట్టూ మూడడుగుల మొరం

మా చిన్నప్పుడు... వాన పడితే చాలు, నేనూ తమ్ముడూ పరుగున వెళ్లి గేటు బయట మెట్ల మీద కూర్చునేవాళ్లం. నాచారంలో మా ఇల్లు రోడ్డుకంటే అంత ఎత్తున ఉండేది మరి... ఐదు మెట్లు ఎక్కితేగానీ గేటు వచ్చేది కాదు. ఎంత వాన పడినా కింది మెట్టు తడిసేది, అంతే.

మా కాలనీలో ప్రతి ఇంటి ముందూ ఏదో ఒక చెట్టు. మాది ఉసిరి. ఫ్యాక్టరీ కొలువు చేసుకుంటూ బాపు ఆ ఇల్లు కట్టినప్పుడు, గోడలు లేవకముందే వాకిట్లో ఆ మొక్క నాటాడట. చలికాలం వస్తే గురిగిలో ఉప్పూ కారం కలుపుకుని చెట్టు కిందే కూర్చునేవాళ్లం. కాయ కొరికి నీళ్లు తాగితే తియ్యగా ఉంటుంది కదా... ఆ తీపికోసం సర్వెడు నీళ్లు తాగి, బళ్లో పదిసార్లు ఒంటేలుకు అడిగి టీచరమ్మతో తిట్లు తినేదాన్ని.

ఇక రోడ్డు సంగతి... వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే కొత్తది పోశారు. నేను పదో తరగతికి వచ్చేసరికి రెండు మెట్లు మాయం. నా పెళ్లినాటికి ఒక్కటి మిగిలింది. ఆ తర్వాత అదీ పోయింది... మేము మా ఇంట్లోకి ఎక్కేవాళ్లం కాదు, దిగేవాళ్లం. కొత్త రోడ్డు పడిందని సంబరపడి మిఠాయి పంచింది కూడా మేమే, ఎవరిని అనాలి?

పెళ్లయ్యాక నేనూ మా ఆయనా అదే ఇంట్లో పైన కాపురం పెట్టాం. కింద అమ్మా బాపూ. మూడేళ్ల కిందటి వానకు రోడ్డు పక్క మోరీ పొంగి, మురికినీళ్లు కింది గదుల్లోకి వచ్చేశాయి. బాపు కాళ్లు పైకి ముడుచుకుని మంచం మీద కూర్చున్నాడు. ఆయన్ను అలా చూసి నాకు ఏడుపొచ్చింది.

జాకీలు పెట్టి ఇళ్లు లేపేవాళ్లు వచ్చి చూశారు. పాత రాతి పునాది, పైన ఇంకో అంతస్తు, మా వల్ల కాదన్నారు. చివరికి యాదయ్య మేస్త్రి ఒక దారి చెప్పాడు. వాకిలంతా మూడడుగులు మొరం పోయాలి, ఇంట్లో గచ్చు కూడా అంత ఎత్తు లేపాలి.

"చెట్టు అడ్డమొస్తది కాకా, కొట్టేద్దాం" అన్నాడు యాదయ్య.

"చెట్టు మీద గొడ్డలి వడ్డదంటె అసలు పనే వద్దు. నీళ్లల్లనే ఉంట" అన్నాడు బాపు.

బాపు పట్టిన కుందేటికి మూడే కాళ్లు. అందుకని మధ్యలో నేను దూరాను. "చెట్టును ముట్టం బాపు. సుట్టూ మన్ను పోస్తం, అంతె. నీ చెట్టు నీకుంటది" అన్నాను. ఆ మాట మీద ఒప్పుకున్నాడు.

మాట తప్పలేదు... ఒక్క రెమ్మ విరగనివ్వలేదు. మొదలు చుట్టూ మొరం నింపి, దిమ్మిసతో గట్టిగా కొట్టించి, బండలు పరిపించి, చెట్టు చుట్టూ గద్దె కూడా కట్టించాం. బాపు ఆ గద్దె మీద కూర్చుని మురిసిపోయాడు. ఆ ఫోటో నేను ఈ గ్రూపులోనే పెట్టాను. చెట్టును కాపాడుకున్నారని మీలో ఎంతమంది మెచ్చుకున్నారో...

మరుసటి ఎండాకాలం ఆకంతా రాలింది. ఉసిరి కదా, రాలుస్తుందిలే అనుకున్నాం. కానీ చిగురు రాలేదు. బాపు పొద్దునా సాయంత్రం బిందెలతో నీళ్లు పోశాడు. అయినా రాలేదు. ఉప్పల్ వైపు నర్సరీ నడిపే పెద్దమనిషిని బతిమాలి తీసుకొచ్చాను.

ఆయన చెట్టు చుట్టూ తిరిగి, "మొదలు యాడున్నదమ్మా?" అన్నాడు.

"మూడడుగుల కింద..."

"యేర్లకు గాలి గావాలె గద బిడ్డా. పీకల దాక పాతిపెట్టి, మీదికెల్లి నీళ్లు పోస్తున్నరు."

పక్కనే ఉన్న బాపు బిందె కింద పెట్టేశాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

వెంటనే మొదలు దాకా తవ్వించాం. చెట్టు చుట్టూ చిన్న బావి అంత గుంత అయింది. మొదటి వానకే రోడ్డు మీది నీళ్లు మొరంలోంచి ఊరి వచ్చి అందులో నిండాయి. మోటారు పెట్టి తోడితే మళ్లీ నిండింది. మట్టి పోస్తే దానికి ఊపిరాడదు, తీస్తే మునుగుతుంది. ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. యాదయ్యను తిడదామంటే నోరు రాలేదు... ఆ సలహా ఇచ్చింది నేనే కదా.

"ఆనాడే కొట్టేస్తె ఒక్క దినం బాధయితుండె" అన్నాడు బాపు ఒకరోజు. నన్ను ఉద్దేశించి అనలేదు. అయినా నాకే తగిలింది.

మొన్నటి కార్తీకం... తులసి పెళ్లికి కోటలో ఉసిరి కొమ్మ గుచ్చాలి కదా. ఇన్నేళ్లూ ఆ రోజు పొద్దున్నే మా గల్లీ ఆడవాళ్లంతా కొమ్మకోసం మా గేటు ముందు ఉండేవాళ్లు. బాపే స్వయంగా కోసి, ఒక్కొక్కరి చేతికీ ఇచ్చేవాడు. ఈసారి నేను ఉప్పల్ వెళ్లి మార్కెట్లో కొమ్మ కొనుక్కొచ్చాను.

సంచిలోంచి తీసి అమ్మకు ఇవ్వబోతుంటే బాపు అడిగి తీసుకున్నాడు. ఆకులు నిమిరాడు. కాయలు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మంచిగున్నది... ఎవలింటిదో" అన్నాడు.

ఇంట్లోకి ఇప్పుడు నీళ్లు రావడం లేదు, ఆ మాట నిజమే. ఎండిన మాను మాత్రం ఇంకా వాకిట్లోనే ఉంది, కొట్టించమని చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

మీ ఇళ్లలో పాత చెట్లు ఏమైనా ఉన్నాయా? ఉంటే వాటి సంగతులు కింద రాయండి... బాపుకు చదివి వినిపిస్తాను. ఇంకా బతికి ఉన్నవాటి సంగతులే ముందు చదువుతాను.