ముత్లా గుట్ట మీద గొర్రెల బాట

సైన్యంలో నర్సుగా నా కాలం ముగిశాక, తొంభైల చివర్లో ఒక డిసెంబరులో కువైట్‌లో దిగాను. విమానాశ్రయం బయట చలిగాలి. ఎడారికి వస్తున్నానని స్వెట్టరు ఊళ్ళోనే వదిలి వచ్చినదాన్ని. కొత్త పోస్టింగ్ జహ్రాలో చిన్న క్లినిక్. దాని కిటికీలోంచి ముత్లా గుట్ట కనిపించేది. చెట్టు లేదు, నీడ లేదు. కశ్మీరులో నేను చూసిన కొండల ముందు అది ఏపాటిది? అయినా పైకెక్కితే గాలికి అడ్డనేదే లేదు.

చలికాలంలో, అక్కడ సెలవురోజైన శుక్రవారాల్లో చర్చి ఆరాధన అయ్యాక తెలుగువాళ్ళం కొందరం ఆ గుట్ట అంచున నడిచేవాళ్ళం. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకు వారం మొత్తంలో ఆకాశం దొరికేది ఆ ఒక్క పూటే. ముందు కడప నుంచి వచ్చిన డ్రైవరు, చివర నేను. సామాను నీళ్ళు, రొట్టెలు, ఫ్లాస్కులో టీ, నా మందుల సంచి. ఆజ్ఞ ఒక్కటే: గొర్రెలు నడిచిన బాట దాటి అడుగు వేయకూడదు. గల్ఫ్ యుద్ధంలో పాతిన మందుపాతరలు తీసేశామన్నారు గానీ అన్నీ తీశామని ఎవరూ అనలేదు. వాన పడితే నేల కదిలి, లోపలిది పైకొస్తుంది. మందలు రోజూ తొక్కే దారికి ఆ భయం లేదు. అందుకే ఎండిన పెంటికలు చూసుకుంటూ ఒకరి వెనుక ఒకరం నడిచేవాళ్ళం.

“పెంటికలు కనపడితే దేవుడు తోడున్నట్టే” అనేవాడు డ్రైవరు. నేను కోప్పడితే, “తప్పేముంది సిస్టరమ్మా, మనకు దారి చూపించేటివి అయ్యే గదా” అని నవ్వేవాడు.

మా వరుసలో అమలాపురం వైపు అమ్మాయి ఒకతె ఉండేది. సాల్మియాలో ఒక ఇంట్లో పని. పాలు మానని కొడుకును తల్లికి అప్పగించి వచ్చింది. సెలవు అడిగిన ప్రతిసారీ ఇంటి యజమానురాలు, అక్కడ పనివాళ్ళు ‘మామా’ అని పిలిచే ఆవిడ, తర్వాత చూద్దామనేది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. వానల తర్వాత ఎడారిలో ఫగా అనే ఒక రకం పుట్టగొడుగు వస్తుంది. చూడ్డానికి బంగాళాదుంపలా ఉండి, నేలను చీల్చుకుని పైకి లేస్తుంది. అక్కడివాళ్ళు దానికోసం ప్రాణం పెడతారు. ఫగా తెస్తే ఊరికి పంపిస్తానని మామా నవ్వుతూ అందట. ఆ పిల్ల నవ్వును వదిలేసి మాటను పట్టుకుంది.

ఫిబ్రవరిలో మబ్బు పట్టిన ఒక శుక్రవారం. ఒకామె కాలి బొబ్బకు కట్టు కట్టి తలెత్తాను. ఆ అమ్మాయి బాట దిగి, ఎడమ పక్క తడి నేల మీద దూరంగా వంగి ఉంది.

“యాడికి పోతాండావ్ మే? నిలబడాడ” అని డ్రైవరు అరిచాడు.

ఆమె చున్నీలోని మూట చూపించింది. “దొరికాయండీ. ఇక్కడేదో గిన్నె మూత కూడా ఉందండీ, సిస్టరుగారూ.”

అది మూత కాదు, వానకు పైకొచ్చిన మందుపాతర అనుకున్నాను. ముట్టుకోవద్దన్నాను. కదలవద్దన్నాను. వచ్చిన అడుగులు కనిపిస్తున్నాయా అని అడిగితే, కనబడుతున్నాయంది. ఒళ్ళు తిప్పకుండా, ఆ అడుగుల్లోనే వెనక్కి రమ్మన్నాను.

అప్పటికి ఆమెకు అర్థమైంది. ఒక్కటే అడిగింది. “దుంపలు పారేయమంటారాండీ?”

“పట్టుకోనే రామే. నిదానంగా రా” అన్నాడు డ్రైవరు. “నీ కొడుకు ఎదురు చూస్తాంటాడు.”

చిన్నప్పుడు బడికి బదులు అమ్మే నాకు ఇంట్లో చదువు చెప్పింది. ఆ చదువుతో పాటు అమ్మ నేర్పిన ప్రార్థన నా లోపలే సాగింది. నోరు ఆజ్ఞలకు కావాలి. ఎడమ. కుడి. ఆగు. మళ్ళీ ఎడమ. బాట మీదికి రాగానే ఆమె నా భుజం మీద కూలబడింది. అప్పుడు అందరం పైకి స్తోత్రం చెప్పుకున్నాం. రాళ్ళు పేర్చి గుర్తు పెట్టి, కిందికి దిగి పోలీసులకు చెప్పాం. వాళ్ళొచ్చి ఆ వైపంతా తాడు కట్టారు.

డ్రైవరే ఆమెను ఇంట్లో దింపి, ఫగా ఎక్కడ దొరికిందో మామాకు అరబీలో చెప్పాడు. ఆవిడ మూట విప్పకుండానే సెలవుకు ఒప్పుకుందట. ఈస్టరు పండక్కి ఆ పిల్ల అమలాపురంలో కొడుకు దగ్గరుంది.

కొన్నేళ్ళకు నేనూ ఊరికి వచ్చేశాను. ఇక్కడివాళ్ళు సైన్యం గురించి, మంచు గురించి అడుగుతారు. చెబుతాను. ఆ చలికాలాలనూ ఆ మనుషులనూ ఇచ్చినందుకు దేవునికి రోజూ వందనాలు చెప్పుకుంటాను. కళ్ళు మూస్తే మాత్రం కనిపించేది ఒకటే. గాలిలో ఆగిన ఒక మడమ, తన పాత అడుగు కోసం కిందికి వెతుక్కుంటూ.