సీట్లత్త కుర్చీ

సీట్లత్త అసలు పేరేమిటని అడిగితే ఆమె అన్నగారి పిల్లలే బుర్ర గోక్కుంటారు. స్కూటరు సీటు, బస్సు సీటు, సోఫా, ఏది చిరిగినా ఆమె కొట్టుకే రావాలి. పనితనం చేతుల్లో ఉంది, కోపం ముక్కు మీద ఉంది. బేరమాడిన వాళ్లను నిలబడే ప్రయాణం చెయ్యమంటుంది.

ఆమె అన్నగారింట్లో తాతల నాటి చెక్క కుర్చీ ఒకటుంది. నిలబెడితే పసివాళ్లను కూర్చోబెట్టి తినిపించే ఎత్తు కుర్చీ. గడియ లాగి మడిస్తే టక్కుమని నేలకు దిగి చక్రాల బండి అయిపోతుంది. కుటుంబంలో ఎవరికి బిడ్డ పుట్టినా అది ముందు సీట్లత్త కొట్టుకే వచ్చేది. ఆమె పాత రెక్సిన్ పీకి, కొత్త స్పాంజి పెట్టి, కవరు బిగించి, ఎవరింటికి పంపాలని అడిగి పంపేసేది. పెళ్లి మాట ఎవరినీ ఎత్తనివ్వలేదు గనక ఆ కుర్చీ ఆమె ఇంటి గడప ఎప్పుడూ తొక్కలేదు. బాధపడలేదా అంటే, పడింది. పైకి చెప్పుకోలేదంతే.

అలాంటి మనిషి నలభై దాటాక ఓ పాపను దత్తత తెచ్చుకుంది. ఈ వయసులో నీకెందుకీ తలనొప్పి అన్నాడు అన్నయ్య. ఊరుకుంటుందా? నీకు నొప్పిగా ఉంటే మాత్ర వేసుకోమని కడిగిపారేసింది. ఇక ఇద్దరికీ మాటల్లేవు. పాప కూర్చోవడం నేర్చింది. కుర్చీ మాత్రం అన్నయ్య అటక మీదే ఉండిపోయింది. అడిగితే అది మన ఇంట పుట్టిన పిల్లలకే అంటాడేమోనని ఆమె భయం.

ఒక ఉదయం అన్నయ్య చెమటలు కక్కుతూ ఆ కుర్చీ మోసుకొచ్చి కొట్లో దించాడు. మేనకోడలికి నెలలు నిండాయన్న సంగతి సీట్లత్తకు తెలుసు. కుర్చీ ఆ పుట్టబోయే బిడ్డకే అనుకుంది. అయినా పని పనే కదా. పాప పక్కనే స్పాంజి ముక్కల్లో పొర్లుతుంటే, తలెత్తకుండా ఎర్ర రెక్సిన్ కత్తిరించి, కుట్టి, మేకులు కొట్టింది. అంతా అయ్యాక అలవాటు కొద్దీ అడిగేసింది.

"ఎవరింటికి పంపాలి?"

"నీ ఇంటి అడ్రసు నన్నడుగుతావేంటే?" అన్నాడు అన్నయ్య. "నా మనవలు వెనకాల వస్తార్లే. ముందొచ్చింది నీ కూతురు."

నీ కూతురు. ఆ మాట అతని నోట రావడం అదే మొదటిసారి. సీట్లత్త ముక్కు చీదుకుంటూ ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. ఈలోగా అన్నయ్య గడియ లాగి, పాపను బండిలో ఎక్కించి, కొట్టంతా తోసుకుంటూ తిరిగాడు.

"మెల్లిగా తొయ్యి. రేపు నీ మనవడికి కావాలంటే మా అమ్మాయిని అడిగి తీసుకెళ్లాలి."

"అడుగుతాలేవే," అంటూ అతను ఇంకో చుట్టు తోశాడు.